ఇంటి కింద క్లినిక్: విజయనగరం కాలనీలో ఒక వైద్యశాలపై సమీక్ష

విజయనగరం రింగు రోడ్డుకు లోపలి వైపున, ఇళ్లు తప్ప దుకాణాలు పెద్దగా లేని ఒక కాలనీలో కొన్నేళ్లుగా నడుస్తున్న జనరల్ ఫిజీషియన్ క్లినిక్ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. డాక్టరుగారి పేరు, వీధి పేరు రాయడం లేదు. ఇందులో మెచ్చుకోదగినవి ఎన్ని ఉన్నాయో, సరిదిద్దుకోవలసినవీ దాదాపు అన్నే ఉన్నాయి. అవి కూర్చుని మాట్లాడుకుంటే తీరేవే కనుక ఒకరిని రచ్చకీడ్చడం నా ఉద్దేశం కాదు. ఆ వీధిలో ఉండేవాడిగానూ, అక్కడ బీపీ చూపించుకునే రోగిగానూ, ఒకప్పుడు లైసెన్సు ఉన్న ఇంజినీరు దగ్గర ఇళ్ల ప్లాన్లు గీసి మున్సిపాలిటీలో దాఖలు చేసిన పనివాడిగానూ నాకు కనిపించిన విషయాలివి. వైద్యం ఒక్కటే చూసి క్లినిక్‌కు మార్కులు వేస్తే సరిపోదనీ, ఇళ్ల మధ్య పెట్టిన క్లినిక్ ఆ వీధి మోయగలిగినంతలోనే ఉందా లేదా అన్నది కూడా లెక్కలోకి రావాలనీ నా అభిప్రాయం.

వైద్యం విషయంలో పెద్దగా వంక పెట్టడానికేమీ లేదు. డాక్టరుగారు పాత చీటీ అడిగి చూసిన తరువాతే కొత్త చీటీ రాస్తారు. మందుల పేర్లు పెద్ద అక్షరాలతో, మందుల షాపు కుర్రవాడే కాదు రోగి కూడా చదువుకోగలిగేలా ఉంటాయి. అవసరం లేని రక్తపరీక్షలు రాయడం నేను చూడలేదు. లోపలికి అడుగు పెట్టగానే కనిపించే చోట ఫీజు బోర్డు ఉంది, చీటీ మీద రిజిస్ట్రేషను సంఖ్య ఉంది. ఈ రెండూ భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి నియమావళి ప్రతి డాక్టరునూ అడిగేవే అయినా, మన ఊళ్లో ఎన్ని చోట్ల కనిపిస్తాయో రోగులకు తెలుసు. టోకెను పద్ధతి నిజాయితీగానే నడుస్తుంది. తెలిసినవాళ్లను వెనుక గుమ్మం నుంచి పంపడం లేదు. ముసలివాళ్లను మాత్రం ముందు పిలుస్తారు, దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు.

వచ్చేవాళ్లలో కాలనీవాళ్లు సగమైతే, గంట్యాడ, బొండపల్లి, గజపతినగరం వైపు నుంచి బస్సు దిగి ఆటో ఎక్కి వచ్చేవాళ్లు మిగతా సగం. “ఈ డాట్రుగారు మన మాట ఇంటారు బాబూ, ఆకరి బస్సుకి ఊరెలిపోవచ్చు” అని ఒక పెద్దాయన వరండాలో నాతో అన్న మాటలోనే ఇలాంటి క్లినిక్‌ల అవసరం ఏమిటో ఉంది. కోట జంక్షను చుట్టుపక్కలా రైల్వే స్టేషను రోడ్డులోనూ అద్దెలు కట్టి క్లినిక్ పెట్టడం కంటే సొంత ఇంటి కింద గదులు వాడుకోవడం డాక్టరుకు చవక. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులతో ఉన్న ముసలివాళ్లకు నడిచి వెళ్లేంత దూరంలో వైద్యం దొరకడం వీధికి మేలు. కనుక ఇళ్ల మధ్య క్లినిక్ ఉండనే కూడదని వాదించేవారితో నేను ఏకీభవించను.

అయితే నిబంధనలు ఈ విషయాన్ని చూసే తీరు వేరు, దాన్ని కొంచెం వివరంగా చెప్పక తప్పదు. విజయనగరం ఒకప్పుడు విశాఖ నగరాభివృద్ధి సంస్థ (వుడా), ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన వీఎంఆర్‌డీఏ పరిధిలో ఉన్న ఊరు. ఏ భూమిని దేనికి వాడాలో చెప్పే ఆ సంస్థ మాస్టర్ ప్లాను మనకు ఉంది. పటంలో సాధారణంగా పసుపు రంగు వేసిన భాగం నివాస మండలం (జోను), నీలం వాణిజ్యం, ఎరుపు ప్రభుత్వ, ప్రజోపయోగ స్థలాలు. ఒక్కొక్క మండలంలో ఏవి మామూలుగా అనుమతిస్తారో, ఏవి ప్రత్యేక అనుమతితో నడపాలో, ఏవి కుదరవో జోనింగ్ నిబంధనలు జాబితాలుగా ఇస్తాయి. పసుపు రంగు అంటే ఇల్లు తప్ప మరేదీ ఉండకూడదని కాదు, దేనికైనా ఒక కొలత ఉంటుందని. ఆ కొలత దాటిందా లేదా అని చూడడానికి ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటే: ఇది తన ఇంట్లో కూర్చుని రోగులను చూసే వృత్తి నిపుణుడి గదా, లేక రోగులను పడుకోబెట్టే ఆసుపత్రా? జాతీయ భవన నిర్మాణ స్మృతి కూడా ఈ రెంటినీ ఒకే గాటన కట్టదు. డాక్టర్ల, న్యాయవాదుల, ఇంజినీర్ల కార్యాలయాలను అది వ్యాపార భవనాల వర్గంలో చేర్చింది. రోగులు పడకల మీద ఉండే ఆసుపత్రులను సంస్థాగత భవనాలనే వేరే వర్గంలో పెట్టింది. మంటలంటుకుంటే తమంతట తాము లేచి బయటికి పరుగెత్తలేని మనుషులు ఉండే భవనం కనుక మెట్లు, తలుపులు, బయటికి పోయే దారులు అన్నిటికీ అక్కడ కఠినమైన లెక్కలు ఉంటాయి.

ఈ తేడాను సుప్రీంకోర్టు 2011లో నోయిడా కేసులో స్పష్టంగా చూపింది. అక్కడి నివాస సెక్టార్లలో బ్యాంకులు, నర్సింగ్ హోములు నడపడం కుదరదని చెబుతూనే, డాక్టర్లు, న్యాయవాదులు, ఆర్కిటెక్టులు తమ ఇంటి కింది అంతస్తులో 30 శాతం వరకు వృత్తికి వాడుకోవచ్చన్న వెసులుబాటును నిలబెట్టింది. ఆ 30 శాతం నోయిడా నిబంధనల లెక్క, దాన్ని తెచ్చి మన ఊరికి అంటగట్టకూడదు. కానీ ఆ తీర్పు గీసిన గీత ఎక్కడైనా గీత గీసే తీరుకు మంచి నమూనా. ఎవరైనా తమ వీధి సంగతి తెలుసుకోవాలంటే సర్వే నంబరు ఇచ్చి భూవినియోగ ధ్రువపత్రం తీసుకోవడం, వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని అడిగి ఆ ఇంటికి మంజూరైన ప్లానులో ఏ వినియోగం రాసి ఉందో చూడడం సరైన మార్గం.

ఈ కొలతతో చూస్తే మా క్లినిక్ మొదట్లో ఏ ఇబ్బందీ లేకుండా గట్టెక్కింది. డాక్టరుగారి కుటుంబం పైన ఉంటుంది, కింద ముందు గది, పక్క గది, వరండా మాత్రమే రోగులకు. తెల్లవారుజామున గానీ రాత్రి పొద్దుపోయాక గానీ ఎవరినీ చూడరు. ఇంటి ముఖం చూస్తే అది ఇల్లే, గేటు మీద చిన్న బోర్డు తప్ప ఆసుపత్రి హంగులేవీ లేవు.

చిక్కు వెనుక గదితో వచ్చింది. ఒక వర్షాకాలం విషజ్వరాలు ఎక్కువైనప్పుడు నీరసించినవాళ్లకు సెలైను పెట్టడానికి అక్కడ రెండు మంచాలు వేశారు. ఆ సీజను పోయాక మంచాలు పోలేదు. పైగా మూడోది చేరింది, గది తలుపు మీద ‘అబ్జర్వేషన్’ అని రాసిన కాగితం వెలిసింది. ఆ గదిలోకి వెళ్లడానికి వంటింటి పక్కనున్న సన్నని నడవా ఒక్కటే దారి. స్ట్రెచరు తిరగదు, చక్రాల కుర్చీ తలుపు దగ్గరే ఆగిపోతుంది. కిటికీకి దొంగల భయంతో వేసిన ఇనుప చువ్వలు అలాగే ఉన్నాయి. పగలు రెండు మూడు గంటలపాటు ఉంచి పంపేసే రోగికి అది ప్రమాదం కాకపోవచ్చుననుకుందాం. రాత్రికి ఎవరినైనా ఉంచితే మాత్రం అది ఇక ఎంతమాత్రం ఇంటి కింద క్లినిక్ కాదు. మన రాష్ట్రంలో ప్రైవేటు అల్లోపతి వైద్య సంస్థల రిజిస్ట్రేషనుకు 2002 నాటి చట్టం ఉంది, ఒకసారి ఇచ్చిన రిజిస్ట్రేషను ఐదేళ్లు చెల్లుతుంది. పడకలు లేని క్లినిక్‌గా నమోదు చేసుకున్న చోట పడకలు వేస్తే ఆ కాగితం మీద ఉన్న వైద్యశాల ఒకటి, మన కళ్ల ముందున్నది మరొకటి అవుతుంది. ఈ సమీక్షలో నేను తగ్గిస్తున్న మార్కుల్లో ఎక్కువ భాగం ఈ గదికే.

కాంపౌండరును అడిగితే “రాత్రి ఎవర్నీ ఉంచం మాస్టారూ, గ్లూకోజు ఎక్కాక పంపేస్తాం” అన్నాడు. అబద్ధమని అనుకోను. కానీ మంచం ఉన్నచోట అవసరం తనంతట తానే పుడుతుంది. ఆఖరి బస్సు తప్పిపోయిన రోగిని, ఒంట్లో ఇంకా జ్వరం ఉన్నవాడిని, ‘ఈ రాత్రికి ఉండనివ్వండి’ అని బతిమాలే బంధువును కాదనడం ఏ డాక్టరుకైనా కష్టమే.

వీధికి ఎక్కువ ఇబ్బంది పెట్టేది వాహనాలు. మా రోడ్డు ఇళ్ల రోడ్డు. రెండు కార్లు ఎదురైతే ఒకటి ఎవరి గేటులోనో చొరబడి దారి ఇవ్వాలి. సాయంత్రం ఓపీ వేళ బైకులు రెండు వరుసలుగా, వాటి వెనుక ఆటోలు ఆగుతాయి. భవనం వినియోగం పెరిగే కొద్దీ దాని ముందున్న రోడ్డు వెడల్పు, లోపలి పార్కింగు స్థలం పెరగాలన్నది భవన నిర్మాణ నిబంధనల మూలసూత్రం. 2017లో రాష్ట్రం తెచ్చిన నిబంధనలు కూడా ఆ లెక్క మీదే నడుస్తాయి. పార్కింగుకని ప్లానులో చూపిన స్టిల్టును, అంటే గోడలు లేకుండా స్తంభాల మీద వదిలిన కింది అంతస్తును, గదులుగా మార్చి వాడుకోవడం మన కాలనీల్లో కొత్త కాదు. ఈ ఇంట్లో ఆ పని చేయలేదు గానీ స్టిల్టు లేని పాత ఇల్లు కావడంతో రోగుల బళ్లకు లోపల చోటే లేదు. మెట్లు ఎక్కలేనివారి కోసం ర్యాంపు కట్టించడం మంచి ఆలోచన. అయితే స్థలం చాలక దాన్ని మురుగు కాలువ మీదుగా రోడ్డు అంచుదాకా దించారు. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే ర్యాంపు పొడవు 12 అడుగులు ఉండాలన్నది ప్రామాణిక వాలు, ఇక్కడున్నది అందులో సగం కూడా లేదు. చక్రాల కుర్చీని పైకి తోసేవారికి ఆయాసం, వానొస్తే కిందికి దిగేవారికి భయం, కాలువలో పూడిక తీసేవారికి అడ్డం. వరండా పక్కనున్న ఖాళీ భాగం వైపు తిప్పి కట్టి ఉంటే ఈ మూడూ తప్పేవి.

చెత్త విషయంలో మొదట్లో నాకు గట్టి అభ్యంతరమే ఉండేది. దూది, సూది మూతలు, రక్తం అంటిన గాజు గుడ్డ ముక్కలు ఇళ్ల చెత్తతో కలిపి పారిశుద్ధ్య కార్మికురాలి బండిలో వేయడం నేను చూశాను. ఆవిడ వట్టి చేతులతో తడి చెత్తా పొడి చెత్తా వేరుచేసే మనిషి. ఈ సంగతి డాక్టరుగారికి చెప్పగానే ఆయన అక్కడికక్కడే సిబ్బందిని పిలిచి మందలించారు. ఇప్పుడు రంగు సంచులు కనిపిస్తున్నాయి. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనలు ఎన్ని పడకలున్నాయని చూడవు, ఒక్క గది ఉన్న క్లినిక్‌కు కూడా వర్తిస్తాయి: రక్తం అంటిన దూది, గాజు గుడ్డ పసుపు సంచిలో, సెలైను గొట్టాలు, సూది తీసేసిన సిరంజిలు ఎరుపులో, సూదులు గుచ్చుకోని గట్టి తెల్ల డబ్బాలో, గాజు సీసాలు నీలం పెట్టెలో వేయాలి. శుద్ధి చేయని వ్యర్థాలను మామూలుగా 48 గంటలకు మించి నిల్వ ఉంచకూడదు, మున్సిపాలిటీ చెత్తలో అసలే కలపకూడదు. సంచుల మీద బార్‌కోడు ఉండాలి. పడకలు లేని క్లినిక్‌కు కాలుష్య నియంత్రణ మండలి మళ్లీ మళ్లీ తీసుకోనక్కరలేకుండా ఒకేసారి అనుమతి ఇస్తుంది. వెనుక గదిలోని మంచాలు ఇక్కడ కూడా లెక్క మార్చేస్తాయి. పడకలు ఉంటే అనుమతికి కాలపరిమితి వస్తుంది, సెలైను సీసాలు, గొట్టాలతో ఎరుపు సంచి రోజూ నిండుతుంది.

జనరేటరు గురించి క్లుప్తంగా చెబుతాను. 2014లో హుద్‌హుద్ వెళ్లిపోయాక కరెంటు లేకుండా రోజులు గడిపిన ఊరిలో టీకాలు, ఇన్సులిన్ నిల్వ చేసే డాక్టరు జనరేటరు పెట్టుకోవడం తప్పు కాదు. కానీ దాన్ని పొరుగువారి పడకగది కిటికీ కింద పెట్టడం తప్పు. 2000 నాటి ధ్వని కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. ఆసుపత్రుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలం ఉండాలని చెప్పేదీ ఆ నియమాలే. రోగుల కోసం చుట్టూ నిశ్శబ్దం కోరే నియమమున్న చోట రోగులను చూసే భవనమే వీధిలో అందరికంటే ఎక్కువ చప్పుడు చేయడం విడ్డూరం. ఇన్వర్టరు, చిన్న ఫ్రిజ్జు బ్యాకప్పుతో ఈ క్లినిక్ అవసరం తీరిపోతుందని నా అంచనా.

గేటు పక్కన గోడకు కిటికీ పెట్టి నడుపుతున్న మందుల అమ్మకం మీద వీధిలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. రాత్రి వేళ పిల్లవాడికి జ్వరం మందు కావాలంటే మెయిన్ రోడ్డుదాకా పోనక్కరలేదని ఒకరు, దాని వల్లే వీధి బజారైపోయిందని మరొకరు. నేను రెండో పక్షాన ఉన్నాను. డాక్టరు తన రోగులకు తానే మందు ఇవ్వడం ఒకటి, వీధి వైపు కిటికీ తెరిచి వచ్చిన ప్రతివారికీ అమ్మడం మరొకటి. మొదటిదానికి ఔషధ నియమావళిలో షెడ్యూల్ కె కింద షరతులతో మినహాయింపు ఉంది. రెండోది చిల్లర మందుల దుకాణమే, దానికి లైసెన్సు, ఫార్మసిస్టు, కనీసం 10 చదరపు మీటర్ల స్థలం ఉండాలి. గోడకు కట్టిన ఆ అలమారకు అందులో సగం స్థలమైనా లేదు. పైగా ఈ మధ్య అక్కడ కూల్‌డ్రింకులు, సబ్బులు కూడా కనిపిస్తున్నాయి. డాక్టరుగారి ఓపీ ముగిశాక కూడా కిటికీ ముందు బళ్లు ఆగుతున్నాయంటే వీధికి వచ్చే రద్దీలో ఎంత వైద్యానిదో, ఎంత బేరానిదో తెలుస్తుంది. గృహ వినియోగం కింద ఉన్న కరెంటు మీటరుతోనే ఇదంతా నడుస్తోందా, వాణిజ్య వినియోగానికి వేరే మీటరు తీసుకున్నారా అన్నది డాక్టరుగారే చూసుకోవాలి. ఇంటి పన్నులో కూడా నివాసేతర భాగానికి రేటు వేరే.

కాలనీ సంఘంలో కొందరు ఏకంగా క్లినిక్ మూయించాలంటున్నారు. సోమవారం కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు అర్జీ రాసి పెట్టుకున్నారు కూడా. అర్జీ వారి హక్కు. కాకపోతే అందులో ఓపీకీ, మంచాలకూ, కిటికీ దుకాణానికీ, జనరేటరుకూ తేడా చూపకుండా అన్నిటినీ కట్టగట్టి రాయడం నాకు నచ్చలేదు. అటుపక్క డాక్టరుగారి బంధువుల ధీమా కూడా అంతకంటే మెరుగ్గా లేదు. ‘అందరూ కట్టేశాక ఎప్పుడో ఒకప్పుడు బీపీఎస్ వస్తుంది, డబ్బు కట్టి క్రమబద్ధం చేసుకోవచ్చు’ అంటారు. బీపీఎస్, అంటే జరిమానా కట్టించుకుని క్రమబద్ధం చేసే ఆ పథకం, ప్లానుకు భిన్నంగా కట్టిన కట్టడాలకు సంబంధించినది; ఇంటిని ఆసుపత్రిగా మార్చి వాడుకోవడానికి అది పట్టా కాదు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా అనుమతి లేని భవనాల్లో ఏ వ్యాపారానికీ స్థానిక సంస్థలు లైసెన్సు ఇవ్వరాదనీ, నిర్మాణాలు మండల ప్రణాళికకూ దానిలోని వినియోగానికీ లోబడి ఉండాలనీ దేశమంతటికీ వర్తించే ఆదేశాలు ఇచ్చింది. రేపు అదే ఇంటి మీద బ్యాంకు రుణం కావాలన్నా, అమ్మాలన్నా కాగితాల్లో ఉన్నదీ నేల మీద ఉన్నదీ ఒకటి కావాలి.

నా మార్కులు ఇలా ఉన్నాయి. వైద్యానికి ఐదుకు నాలుగున్నర, ఫీజుల పారదర్శకతకు ఐదుకు ఐదు, వీధితో మెలగడంలో రెండు. మంచాలు, మందుల కిటికీ తీసేసి, జనరేటరును వెనుక పెరటి గోడ వైపుకు మార్చి, ర్యాంపు తిప్పి కట్టిస్తే ఆ రెండును నాలుగు చేయడానికి నాకు అభ్యంతరం లేదు. రోగుల సంఖ్య పెరిగి డాక్టరుగారికి పడకలు నిజంగా కావలసి వస్తే, వెడల్పయిన రోడ్డు మీద ఆ వినియోగానికే అనుమతి తీసుకున్న భవనంలో నర్సింగ్ హోము పెట్టుకోవడం ఆయన అర్హతకు తగిన పని. అలా పెడితే ఈ కాలనీ రోగులు అక్కడికీ వెళతారు.

వెళ్లాలనుకునేవారికి: ఉదయం ఓపీలో రద్దీ తక్కువ, షుగరు మందుల మార్పుల వంటి నిదానంగా మాట్లాడవలసినవి అప్పుడే చూపించుకోండి. బండిని మెయిన్ రోడ్డు మీదే వదిలి నడిచి రండి, దూరం ఎక్కువేమీ కాదు. పాత చీటీలు, రక్తపరీక్షల కాగితాలు తప్పకుండా తెచ్చుకోండి, లేకపోతే డాక్టరుగారే వెనక్కి పంపుతారు. ఛాతీలో నొప్పి, తీవ్రమైన ఆయాసం, మాట తడబడడం లాంటి లక్షణాలు ఉన్నవారిని మాత్రం ఇక్కడికి తేకండి. ఇక్కడ అత్యవసర వైద్యానికి కావలసిన సదుపాయాలు లేవని డాక్టరుగారే బోర్డు మీద రాసి పెట్టారు, అలాంటప్పుడు 108కి ఫోను చేయమని దాని కిందే ఉంది.